పేజీ తెరిస్తే పీహెచ్‌పీ కోడ్ కనబడుతోందా? శ్రీకాకుళంలో అయితే వీళ్ల దగ్గరికి వెళ్లండి

ముందే చెప్పేస్తున్నా, కొత్త డిజైన్ కోసం, లోగో కోసం, ఇన్‌స్టాగ్రామ్ ప్రచారం కోసం అయితే పాలకొండ రోడ్డు దగ్గరున్న ఈ కంప్యూటర్ రిపేరు వాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు, అవి వాళ్లు చెయ్యరు. నిన్నటిదాకా నడిచిన సైటు సర్వర్ (సైటు ఫైళ్లు ఉండే కంప్యూటర్) మారాక పాడైందా, పేజీ తెరవగానే కోడ్ కనబడుతోందా, 500 అనో 503 అనో ఎర్రర్ నంబరు వచ్చి ఆగిపోతోందా, తెల్లటి పేజీ తప్ప ఏమీ రావడం లేదా, ఇలాంటివాటికి మాత్రం మన జిల్లాలో నేను చూసినంతలో వీళ్లే. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను.

మాది పొందూరు ఖాదీ అమ్మే కొట్టు. కొట్టుకి వచ్చి కొనేవాళ్లు ఎంతమంది ఉన్నా సన్న నూలు చీరలు, పంచెలు ఎక్కువగా కొనేది బయట ఊళ్లవాళ్లే, హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మన సిక్కోలు వాళ్లు. వాళ్లందరికీ మా సైటే కొట్టు. ఎప్పుడో పాత రోజుల్లో కట్టించింది, స్టాకు, ధరలు, ఆర్డర్లు అన్నీ పీహెచ్‌పీ మీద, అంటే సర్వర్‌లోనే నడిచి పేజీ తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తాయి, వాలుగ చేప దవడతో పత్తి ఎలా ఏకుతారు, నూలు ఎలా వడుకుతారు అని చెప్పే పేజీలు మాత్రం ఎస్‌హెచ్‌టీఎంఎల్ అనే పాత పద్ధతిలో ఉన్నాయి, అంటే పైన మెనూ, కింద అడ్రసు వేరే ఫైళ్లలో ఉంటాయి, పేజీ పంపే ముందు సర్వరే వాటిని తెచ్చి అతికిస్తుంది. అక్టోబర్ 2 దగ్గర పడుతోందంటే ఖాదీ వ్యాపారంలో అందరికీ తెలుసు, రిబేటు రోజులు, ఏడాది మొత్తానికి అదే పెద్ద సీజను.

సరిగ్గా ఆ ముందే, పాత సర్వర్‌లో ఉన్న ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 14.04 వెర్షన్‌కి కాలం చెల్లిందని, కొత్తదానికి మారుస్తున్నామని మేం డబ్బు కట్టే హోస్టింగ్ కంపెనీ చెప్పి, రాత్రికి రాత్రి ఫైళ్లన్నీ ఉబుంటు 22.04 ఉన్న సర్వర్‌కి తరలించేసింది. తెల్లారేసరికి హైదరాబాద్ నుంచి ఒకావిడ వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. అందులో చీర బొమ్మ లేదు, స్టాకు, ఆర్డర్ల వివరాలు దాచే మా డేటాబేస్ యూజర్ పేరూ పాస్‌వర్డూ ఉన్నాయి. ఇంకొకరికి పేజీ తెరుచుకోకుండా ఫైలు డౌన్‌లోడ్ అయింది. ఉత్త సైటు పేరు కొడితే లోపలి ఫోల్డర్ల జాబితా మొత్తం వచ్చేసింది. సపోర్టువాళ్లకి ఫోన్ చేస్తే, పీహెచ్‌పీ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది, మేం చూశాం, లోపం మీ కోడ్‌లోనే అన్నారు. వైజాగ్‌లో ఒకరిని అడిగితే ఇదంతా పాతది, మొత్తం కొత్తగా కట్టుకోవాలి అని పెద్ద అంకె చెప్పారు. టెక్కలిలో స్కూలు నడిపే మా బంధువొకాయన అప్పుడు ఈ చోటు చెప్పాడు.

పాలకొండ రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో, మేడ మీద రెండు గదులు. బోర్డు మీద కంప్యూటర్, ప్రింటర్ రిపేరు అనే ఉంటుంది, సర్వర్ల సంగతి ఎక్కడా రాసి ఉండదు, కాబట్టి చూసి వెనక్కి వెళ్లిపోకండి. అక్కడ అందరూ మేష్టారు అని పిలిచే పెద్దాయన, ఆయన దగ్గర పనిచేసే ఒక అమ్మాయి, వీళ్లిద్దరే సర్వర్ పని చూస్తారు.

నేను ఆ స్క్రీన్‌షాట్ చూపించి మొదలుపెట్టానో లేదో మేష్టారు నన్ను ఆపి, "అమ్మా, ఎందుకయ్యిందో తరవాత సూద్దాం, ముందల ఆ ఫైళ్లు బయటికెళ్లకుండా ఆపీవాల" అని ఆ అమ్మాయి వైపు తిరిగారు. నాకు ఆయన మీద నమ్మకం అక్కడే కుదిరింది. మిగతావాళ్లందరూ సైటు ఎప్పుడు లేస్తుందో మాట్లాడారు, పాస్‌వర్డ్ బయటపడి ఉందన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆ అమ్మాయి కూర్చున్న వెంటనే, డాట్ పీహెచ్‌పీ అని ముగిసే ఏ ఫైలు అడిగినా ఇవ్వొద్దని సర్వర్‌కి ఒక నియమం పెట్టింది, ఫోల్డర్ల జాబితా చూపించడం ఆపేసింది, సైటు మరమ్మతులో ఉంది అని మా ఫోన్ నంబరుతో ఒక మామూలు పేజీ పెట్టింది. తర్వాత డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చింది. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతున్నారా అక్కా అని అడిగి, ఈమెయిల్ పెట్టెది కూడా మార్పించింది. అప్పుడుగానీ అసలు జబ్బు వెతకడం మొదలుపెట్టలేదు. బ్యాకప్ తీసి పక్కన పెట్టనిదే ఇంకే ఫైలూ ముట్టుకోం అని కూడా చెప్పారు, నా దగ్గర టెన్షన్ ఎంత ఉన్నా ఆ కాసేపు ఆగాల్సిందే అన్నారు. సరైన మాటే.

ఇప్పుడు ఎందుకిలా అవుతుందో కాస్త రాస్తాను, ఎందుకంటే ఇది ఎంతోమందికి వచ్చే సమస్య, అర్థమైతే సపోర్టువాళ్లతో గట్టిగా మాట్లాడొచ్చు. అపాచీ అనే వెబ్ సర్వర్‌కి సొంతంగా పీహెచ్‌పీ రాదు. డాట్ పీహెచ్‌పీ ఫైలు ఎవరైనా అడిగితే దాన్ని ఫలానావాడికి ఇచ్చి, వాడు వండి ఇచ్చినదాన్ని బయటికి పంపు అని మనం చెప్పి ఉంచాలి. ఆ చెప్పడమే లేకపోతే, వంటవాడు లేని హోటల్లో బియ్యం తెచ్చి విస్తట్లో పోసినట్టు, ఫైల్లో ఏముందో అదే యథాతథంగా పంపేస్తుంది. సర్వర్ దృష్టిలో అది తప్పే కాదు, అందుకే ఎర్రర్ లాగ్‌లో, అంటే తప్పులు జరిగితే సర్వర్ రాసుకునే ఫైల్లో, ఒక్క ముక్క కూడా ఉండదు, ఎర్రర్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందని సపోర్టువాళ్లు అనుకుంటారు. ఆ ఫైలు ఏ రకమో కూడా సర్వర్ చెప్పదు, దాంతో ఒక బ్రౌజర్ కోడ్‌ని అక్షరాలుగా చూపిస్తుంది, ఇంకో బ్రౌజర్ డౌన్‌లోడ్ చేస్తుంది. ఆ హైదరాబాదావిడకి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

మరి పీహెచ్‌పీ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది అని వాళ్లు చెప్పింది అబద్ధమా అంటే, కాదు. ఆ అమ్మాయి తెర నా వైపు తిప్పి చూపించింది. కమాండ్లు టైపు చేసే నల్ల తెరమీద పీహెచ్‌పీ వెర్షన్ అడిగితే 8.1 అని చక్కగా చెప్పింది. కానీ అది కమాండ్ లైన్ కోసం ఉన్న పీహెచ్‌పీ. వెబ్ సర్వర్ వాడుకునేది వేరు, దాని ప్యాకేజీ వేరు, దాని సెట్టింగుల ఫైలు కూడా వేరు. ఆ రెండోది మా కొత్త సర్వర్‌లో లేనే లేదు. "ఇది ఉంటే అది ఉన్నట్టు కాదక్కా" అంది. ఈ ఒక్క ముక్క ఆ సపోర్టువాళ్లకి తెలిసి ఉంటే నాకు ఇంత తిరుగుడు ఉండేది కాదు.

పీహెచ్‌పీని అపాచీకి తగిలించడానికి రెండు దారులున్నాయట, అపాచీ లోపలే మాడ్యూల్‌గా, అంటే దానిలో ఒక భాగంగా పెట్టడం ఒకటి, ఎఫ్‌పీఎం అని పక్కన విడిగా నడిపి ఫైళ్లు దానికి అప్పజెప్పడం ఇంకొకటి. మా సర్వర్‌కి ఉన్నది 1 జీబీ మెమరీ. మాడ్యూల్ దారిలో వెళ్తే బొమ్మ అడిగినా, స్టైల్ ఫైలు అడిగినా పీహెచ్‌పీని మోసుకు తిరిగే ప్రాసెసే దాన్ని ఇవ్వాలి, మెమరీ ఊరికే పోతుంది, మీకు బొమ్మలే ఎక్కువ కాబట్టి ఎఫ్‌పీఎం మంచిది అని మేష్టారు వివరించి, నేను సరే అన్నాకే చేశారు. ఇందులో ఒక తిరకాసు ఉంది, ఉబుంటులో ఎఫ్‌పీఎం ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అపాచీ దాన్ని వాడదు, ఫైళ్లని ఎఫ్‌పీఎంకి అందించే ప్రాక్సీ మాడ్యూల్ ఆన్ చెయ్యాలి, దాని కాన్ఫిగరేషన్ ఆన్ చెయ్యాలి, ఆ మాట ఇన్‌స్టాల్ అయిన వెంటనే తెరమీదే వస్తుంది. అంత గబగబా పోయే అక్షరాల్లో దాన్ని ఎవరూ చదవరు. ఈ అమ్మాయి చదివింది, వేలు పెట్టి నాకూ చూపించింది.

నాకు వీళ్లలో బాగా నచ్చింది ఇదే, ఊహించి ఏదీ చెయ్యరు. "ఏటయ్యిందో లాగే సెప్తాదమ్మా, మనం ఊయించక్కర్లేదు" అంటారు మేష్టారు. ఒక సెట్టింగు మారుస్తారు, అపాచీ చేత కాన్ఫిగరేషన్ చదివించి తప్పు లేదనిపించుకుంటారు, రీలోడ్ చేస్తారు, బ్రౌజర్‌లో కాకుండా కమాండ్‌తో పేజీ అడిగి చూస్తారు. బ్రౌజర్ పాత పేజీని దాచుకుని అదే చూపించే అవకాశం ఉంది కదా, కమాండ్‌తో అయితే సర్వర్ ఇప్పుడు నిజంగా ఏం పంపుతోందో తెలుస్తుంది. అది అయ్యాకే ఇంకో సెట్టింగు. ఒకేసారి నాలుగు మార్చేసి ఏదో ఒకటి పనిచేసిందిలే అని లేచిపోయే రకం కాదు.

ఈ చదివించడం ఎంత పనికొస్తుందో కాసేపట్లోనే తెలిసింది. పాత సైటులో డాట్ హెచ్‌టీ యాక్సెస్ అని ఒక ఫైలు ఉంది, అందులో మా పాత డెవలపర్ ఎన్నో నియమాలు రాసి పెట్టాడు. ఉబుంటులో అపాచీ మామూలుగా ఆ ఫైలుని పట్టించుకోదు, అలవ్ ఓవర్‌రైడ్ అనే సెట్టింగు నన్ (ఏదీ ఒప్పుకోవద్దు) అని ఉంటుంది. ఫైలు అక్కడే ఉంటుంది, లోపలి రాతలూ సరిగ్గానే ఉంటాయి, కానీ ఒక్కటీ అమలు కాదు, ఎవరికీ ఏమీ చెప్పదు. చాలామంది దీన్ని ఆల్ (అన్నీ ఒప్పుకో) అని మార్చేసి వెళ్లిపోతారట. ఈ అమ్మాయి ఆ నియమాలు ఒక్కొక్కటి చదివి, కావాల్సినవి అసలు కాన్ఫిగరేషన్ ఫైల్లోకి తెచ్చింది. చదివించగానే పీహెచ్‌పీ వాల్యూ అని మొదలయ్యే వరుస దగ్గర అపాచీ ఆగి, ఈ ఆదేశం నాకు తెలియదు అంది. ఆ ఆదేశం మాడ్యూల్ దారిలోనే చెల్లుతుంది, ఎఫ్‌పీఎం దారిలో చెల్లదు. ఆల్ అని పెట్టి పాత ఫైలుని అలాగే వదిలేసి ఉంటే సైటు మొత్తం 500 ఎర్రర్ ఇచ్చేది.

ఆ వరుసలో ఉన్నదేమిటంటే, ఫోటో అప్‌లోడ్ పరిమితి. పీహెచ్‌పీ మామూలుగా 2 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు, ఫోన్‌తో తీసిన చీర ఫోటో ఒక్కటే అంతకంటే ఎక్కువ ఉంటుంది. దాన్ని డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ అనే ఫైల్లోకి మార్చారు. అందులో మార్చింది వెంటనే అమలు కాదు, పీహెచ్‌పీ ఆ ఫైలుని 300 సెకన్లకి ఒకసారి మళ్లీ చదువుతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు మార్చి, పనిచెయ్యలేదని మళ్లీ మార్చి, మళ్లీ మార్చి అన్నీ పాడు చేసుకుంటారట. వీళ్లు టీ తెప్పించారు, తాగి వచ్చి చూస్తే అప్‌లోడ్ అయింది.

ఎస్‌హెచ్‌టీఎంఎల్ పేజీల సంగతి ఇంకోలా ఉంది. అవి తెరుచుకుంటున్నాయి, మధ్యలో రాసినది కనబడుతోంది, మెనూ లేదు, అడ్రసు లేదు, ఎర్రరూ లేదు. ఫలానా ఫైలు తెచ్చి ఇక్కడ అతికించు అనే ఆదేశం పేజీలో ఒక వ్యాఖ్య రూపంలో ఉంటుంది, సర్వర్ దాన్ని పట్టించుకోకపోతే అది అలాగే బ్రౌజర్‌కి చేరుతుంది, బ్రౌజర్ వ్యాఖ్యలను చూపించదు, అంతే, ఆ చోటు ఖాళీగా కనబడుతుంది. పేజీ మీద రైట్ క్లిక్ చేసి సోర్స్ చూస్తే ఆ ఆదేశం అక్కడే పడి ఉంటుంది, అది కనబడిందంటే సర్వర్ ఆ పని చెయ్యడం లేదని మీరే తేల్చుకోవచ్చు. ఇన్‌క్లూడ్ మాడ్యూల్ ఆన్ చెయ్యాలి, ఆ ఫోల్డర్‌కి ఇన్‌క్లూడ్స్ అనుమతి కూడా ఇవ్వాలి, రెంటిలో ఏది లేకపోయినా జరగదు. అనుమతి ఇచ్చేటప్పుడు కూడా ఫైళ్లు అతికించడం వరకే ఇచ్చి, పేజీలోంచి సర్వర్ మీద కమాండ్లు నడిపే వీలు లేకుండా మూసేశారు, నేను అడగకుండానే. తర్వాత మెనూ వచ్చింది గానీ అడ్రసు ఉండాల్సిన చోట ఏదో ఎర్రర్ జరిగిందని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. లాగ్ చూస్తే, ఆ ఫైలు చదివే హక్కు సర్వర్‌కి లేదని ఉంది. హక్కు ఇచ్చారు, వచ్చేసింది. ఉత్త సైటు పేరు కొడితే జాబితా ఎందుకొచ్చిందో కూడా చెప్పారు, మా మొదటి పేజీ ఇండెక్స్ డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్, ఉబుంటు అపాచీ మొదటి పేజీ కోసం వెతికే పేర్లలో అది ఉండదు.

ఇంత చేశాక కూడా ఆర్డర్ల పేజీ తెల్లగానే ఉంది. సర్వర్ల మీద ఎర్రర్లు తెరమీద చూపించకుండా ఆపి ఉంచుతారు, అది మంచిదే, కాబట్టి ఇక్కడా లాగే దిక్కు. పాత పద్ధతిలో డేటాబేస్‌కి కలిపే ఫంక్షన్ దొరకలేదని అందులో రాసి ఉంది. ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు, మా కోడ్ 5.5 మీద ఇన్నాళ్లూ నడిచింది. అంటే సపోర్టువాళ్లు కోడ్‌లో లోపం అన్నది ఈ ఒక్క చోట నిజమే. వైజాగ్‌లో చెప్పినట్టు మొత్తం కట్టాలా అంటే, అక్కర్లేదు, డేటాబేస్‌తో మాట్లాడే చోట్లు మారిస్తే చాలు అన్నారు మేష్టారు. ఆ పనికి వేరే డబ్బు అవుతుందని ముందే చెప్పి, ఆ అమ్మాయి వాటిని కొత్త పద్ధతిలోకి మార్చింది. ఇంకో పేజీలో పీహెచ్‌పీ పనిచేస్తున్నా సగం కోడ్ బయటికి వస్తోంది, పీహెచ్‌పీ ఇక్కడ మొదలు అని చెప్పే గుర్తుకి పాత డెవలపర్ అక్కడ పొట్టి ట్యాగు వాడాడు, కొత్త సర్వర్ పూర్తి ట్యాగునే గుర్తిస్తుంది. పొట్టిదాన్ని ఒప్పుకునేలా సెట్టింగు మార్చొచ్చు గానీ, మళ్లీ ఎప్పుడైనా సర్వర్ మారితే ఇదే గోల వస్తుందని ఆ అమ్మాయి ట్యాగులే దిద్దింది. పరీక్ష కోసం పెట్టిన పీహెచ్‌పీ ఇన్ఫో పేజీని వెళ్లేముందు తీసేసి, తీసేశాం చూడండి అని చూపించారు. సర్వర్ గుట్టంతా ఆ పేజీలో ఉంటుంది, దాన్ని అలాగే వదిలేసేవాళ్లు ఉన్నారు.

చివర్లో ఒక కాగితం ఇచ్చారు. ఏ ఫైల్లో ఏ వరుస మార్చారు, ముందు ఏముంది, ఎందుకు మార్చారు, అన్నీ తెలుగులోనే. రేపు వీళ్లు కాక ఇంకెవరు చూసినా పని మొదట్నించి మొదలుపెట్టక్కర్లేదు. రిబేటు మొదలైన రోజు సైటు నెమ్మదిస్తే ఫోన్ చేశాను, ఎఫ్‌పీఎం లాగ్‌లో ఒకేసారి ఐదుగురినే చూడగలనన్న పరిమితి నిండిందని ఉంది. అప్పుడు కూడా అంకె ఊరికే పెంచెయ్యలేదు, ఒక్కో ప్రాసెస్ ఎంత మెమరీ తింటోందో చూసి, 1 జీబీలో పట్టేంత వరకే పెంచారు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఇక ఆ అర మార్కు. పరీక్ష చెయ్యడానికి 800 తీసుకుంటారు, అది చివరి బిల్లులో తగ్గిస్తారు, అంతా కలిపి నాకు 6,500 అయింది, చేసిన పనికి ఎక్కువ కాదు. కానీ మొత్తం ఎంత అవుతుందో మొదట చెప్పరు, జబ్బు తేలాక చెప్తారు, సీజను మీద ఉన్న వ్యాపారస్తులకి ఆ మధ్య కాలం కష్టంగా ఉంటుంది. కనీసం ఇంత నుంచి ఇంత అని ఒక అంచనా అయినా చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ ఎత్తరు, ఎత్తకపోతే తిరిగి చెయ్యరు కూడా, సర్వర్ పనులు చేసేవాళ్లు ఇది మార్చుకోవాలి. సర్వర్ పని వచ్చే ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే పని ఆగుతుంది.

అపాచీ, ఎంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్, రెండూ చూస్తారు, విండోస్ సర్వర్ మీద నడిచే ఏఎస్‌పీ డాట్ నెట్ సైట్లు తీసుకోరు, మాకు రాదు అని మొహం మీదే చెప్పేస్తారు. మీది షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) అయితే సర్వర్ సెట్టింగులు మన చేతిలో ఉండవు కాబట్టి, కంపెనీకి ఏమని రాయాలో రాసిస్తారు, అది కూడా పనికొచ్చేదే.

వెళ్లేటప్పుడు సర్వర్ లాగిన్ వివరాలు, హోస్టింగ్ ప్యానెల్ పాస్‌వర్డ్, డొమైన్ ఎక్కడ కొన్నారో ఆ వివరం, మీ దగ్గర పాత బ్యాకప్ ఉంటే అదీ పట్టుకెళ్లండి. సర్వర్ కంపెనీతో జరిగిన మెయిల్స్ కూడా ప్రింటు తీసుకెళ్తే మంచిది, మా విషయంలో మార్పు ఏ రాత్రి జరిగిందో వాళ్లకి తెలిసింది వాటినుంచే. పొద్దున పదిన్నర తర్వాత వెళ్లండి, ఆదివారం మూసి ఉంటుంది.